ఎల్వుడ్ తుపాకీ, ఎల్వుడ్ చొక్కా

ఎల్వుడ్ కెస్లర్‌ను మట్టిలో పెట్టి గంట కూడా కాలేదు. చర్చి వెనక హాల్లో పొడవాటి బల్లల మీద పందిమాంసం ముక్కలు, బంగాళాదుంప సలాడ్, ఊరి ఆడవాళ్లు చేసి తెచ్చిన పండ్ల పైలు పరిచి ఉన్నాయి. అతని భార్య లవీనా గోడవారన కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లు చేయి పట్టుకుని నొక్కుతుంటే నొక్కించుకుంటోంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. అప్పుడు వచ్చాడు ఎల్వుడ్‌తో ఏటా వేటకెళ్లే క్లైడ్ రూప్, చేతిలో కాగితం పళ్లెం, పళ్లెం నిండా మాంసం.

"ఎంత మంచివాడు లవీనా! అలాంటి మనిషి మళ్లీ పుట్టడు," అన్నాడు నములుతూనే. నోట్లో ముద్ద మింగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "అన్నట్టు, ఎల్వుడ్ తుపాకీ ఏం చేద్దామనుకుంటున్నావు? అమ్మే మాటుంటే ముందు నా చెవిన వెయ్యి. బయటివాళ్ల చేతిలో పడితే బాగుండదు."

గోతికాడ నక్క అనే మాట ఇలాంటివాళ్లని చూసే పుట్టి ఉంటుంది. లవీనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో కాఫీ కప్పు ఉంది. అది తీసి అతని మొహాన కొట్టి ఉంటే, ఆ రోజుకి ఊరంతా ఆమెను క్షమించేసేది. కానీ కాఫీ అప్పటికే చల్లారిపోయింది. చల్లారిన కాఫీ కొట్టి ఏం లాభం?

"చూద్దాంలే క్లైడ్," అంది.

ఈ మంట ఈనాటిది కాదు, పదిహేడేళ్ల నాటిది. పెన్సిల్వేనియా ఉత్తరపు కొండల్లో, కెటిల్ కొండ మీద ఎల్వుడ్ వాళ్ల వేట క్యాంపు ఉంది. దుంగలతో కట్టిన ఇల్లు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక వచ్చే సోమవారం దుప్పుల వేట మొదలవుతుంది. ఆ రోజు బడులకు సెలవు. కొట్లు మూత. మగవాళ్లందరూ కొండ మీదే. ఆ క్యాంపుల్లో ఒక ఆచారం ఉంది. దుప్పి మీద తూటా పేల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరూ ఏడాదీ రాసి గోడకి మేకు కొడతారు. తోక కోయడం అంటారు దాన్ని. నవ్వులాటే, ఎవరూ నొచ్చుకోరు. క్యాంపు గోడ నిండా అవే తోకలు. క్యాంపు పెద్ద ఎమోస్‌ను అందరూ కెప్టెన్ అంటారు. ఆయన తోకలే అక్కడ మూడున్నాయి, వాటిని చూపించి ఆయనే ముందు నవ్వుతాడు.

లేనిది ఎల్వుడ్ తోక ఒక్కటే. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు గానీ, ఎల్వుడ్ గురి తప్పడన్న మాట అతను బతికుండగానే ఊరంతా ఒప్పుకున్న మాట. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కుదరదనుకుంటే తుపాకీ ఎత్తేవాడే కాదు. ఎత్తాడంటే ఒక్క తూటా, అంతే.

ఆ ఏడు ఎల్వుడ్ ఎప్పుడూ కూర్చునే రాతి ముందుకి పన్నెండు కొనల కొమ్ములున్న దుప్పి వచ్చింది. అంతటిది ఆ కొండ మీద ఎవరూ చూడలేదు. ఎల్వుడ్ ఒక్కసారి పేల్చాడు. దుప్పి ఎగిరి మిట్ట దాటి అవతలికి పడిపోయింది. అవతల కాపు కాసింది క్లైడ్. ఇంకో తూటా పేలిన చప్పుడైంది. ఎల్వుడ్ మిట్ట ఎక్కి దిగేసరికి క్లైడ్ ఆ దుప్పి మీద మోకాలు ఆనించి, కొమ్ముకి తన చీటీ కట్టేసుకుంటున్నాడు. అడవిలో చీటీ ఎవరిదో దుప్పి వాడిది. దుప్పి ఒంటి మీద రెండు చిల్లులున్నాయి. ఒకటి తన తూటా దూరిన చోటు, రెండోది బయటికొచ్చిన చోటు అన్నాడు క్లైడ్.

"నా గురి తప్పలేదు," అన్నాడు ఎల్వుడ్. ఆ ఒక్క మాటే అన్నాడు, ఆ రాత్రి క్యాంపులోనూ ఆ ఒక్క మాటే.

తుపాకుల కొట్టు నడిపే మెర్ల్ పాపం సర్దిచెప్పబోయాడు, "తుపాకీ మీది దుర్బిణీ ఏమన్నా కదిలిందేమో, ఎల్వుడ్ తప్పంటే నేను నమ్మను," అని. క్లైడ్ పగలబడి నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట! తుపాకీ మీద నెపం పెట్టేవాడికి ఒకసారి కాదు, రెండుసార్లు కోయాలి తోక!" అన్నాడు. ఆ మాట అందరికీ భలే నచ్చింది. అప్పటినుంచి అది క్యాంపు చట్టమై కూర్చుంది.

అలా కోశారు ఎల్వుడ్ చొక్కా. ఎరుపూ నలుపూ గళ్ల ఉన్ని చొక్కా అది, క్రిస్మస్‌కని లవీనా తన మిషను మీద కుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి దాన్ని విప్పి కొక్కానికి తగిలించాడు. "ఇలా ఇవ్వు, వెనక వేరే గుడ్డ అతికిస్తాను," అంది లవీనా. "వద్దు. దాని ముక్క అక్కడ గోడ మీదుంది," అన్నాడు. మళ్లీ తొడగలేదు, పారెయ్యనూలేదు. ఆ చొక్కా అక్కడే వేలాడింది. ఏటా క్యాంపుకి వెళ్లాడు, ఆ గుడ్డముక్క కిందే కూర్చుని అన్నం తిన్నాడు. ఎదురుగా పొయ్యి పైన గోడకి తగిలించిన ఆ దుప్పి తల, దాని కింద ఇత్తడి పలక మీద క్లైడ్ రూప్ అని పేరు. ఏటా మొదటి రాత్రి క్లైడ్ దానికేసి గ్లాసెత్తి, "నా బంగారుకొండ!" అనేవాడు. ఎల్వుడ్ తలెత్తకుండా తినేవాడు.

పైకి ఏమీ అనని మనిషి లోపల ఎంత కాలిపోతాడో పక్కన పడుకున్నదానికే తెలుస్తుంది. లవీనాకు తెలుసు. ఇప్పుడు ఆ మనిషి లేడు, గోడ మీద అబద్ధం మాత్రం ఉంది. ఆ తోక అక్కడినుంచి దిగాలి. లవీనాకు కావలసింది అదొక్కటే, అది దిగకుండా తను చచ్చినా కన్ను మూతపడదు.

థాంక్స్‌గివింగ్ పండగకు ముందు వారం ఆమె తుపాకీని దుప్పట్లో చుట్టి, ట్రక్కు ముందు సీట్లో పక్కన పెట్టుకుని మెర్ల్ కొట్టుకి వెళ్లింది. అది బరువైన తుపాకీ, పేల్చితే ఆమె భుజం నల్లగా కమిలిపోతుంది. ఆమెకి కావలసింది చిన్న తుపాకీ. గ్రౌండ్‌హాగ్‌లు పెరట్లో కన్నాలు తవ్వి, ఆ ఏడు క్యాబేజీ మొత్తం నాకేశాయి.

మెర్ల్ తుపాకీని బల్ల మీద పెట్టి, వాల్‌నట్ చెక్క మీద అరచేత్తో నిమిరాడు. కళ్లు తడయ్యాయి. ముక్కు తుడుచుకుని వ్యాపారంలోకి దిగాడు.

"నిజం చెప్తాను లవీనా, తర్వాత నన్ను తిట్టుకోకు. మార్పిడికిచ్చావనుకో, ఆ చిన్న తుపాకీ ఇచ్చి పైన ఓ వంద డాలర్లు చేతిలో పెడతాను. విడిగా అమ్ముకున్నావనుకో, దీనికి సుమారు రెట్టింపొస్తుంది. నేనూ కొట్టు నడుపుకోవాలి కదా."

"మరి నీకెందుకిస్తారు జనం?"

"తలనొప్పి ఉండదు గనక. నేను విప్పి, నూనె పెట్టి, గురి సరిచూసి అమ్ముతాను. కొనేవాడు మంచోడా కాదా అని చూసుకునేదీ నేనే. విడిగా అమ్మితే నీ వంటింటి బల్ల మీద బేరం, నీ మాట, వాడి మాట. మంచైనా చెడైనా నీ నెత్తినే."

"మార్పిడికిస్తే నువ్వు ఎవరికి అమ్ముతావు?"

మెర్ల్ చూపు తప్పించాడు. "క్లైడ్ నిన్ననే వచ్చాడు. నువ్వు తెస్తే పక్కన పెట్టమన్నాడు. కొట్టు తలుపు తెరిచి కూర్చున్నవాణ్ణి, వచ్చినవాడికి అమ్మనని ఎలా అంటాను?"

"దేనికట వాడికి?"

"చెప్తే నీకు కోపమొస్తుంది."

"ఇప్పుడేం నవ్వుతున్నానా? చెప్పు."

"వేట మొదలయ్యే సోమవారం ఎల్వుడ్ రాతి మీద కూర్చుని, ఎల్వుడ్ తుపాకీతో కొడతాడట. 'రాయీ నాదే, తుపాకీ నాదే, ఇక ఆ కొండ మీద కెస్లర్ పేరేముంది' అన్నాడు. తాగి ఉన్నాడులే."

లవీనా కొట్టు గోడకి వరసగా పెట్టిన తుపాకుల్ని చూస్తూ నిలబడింది. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. పేరు తీసుకున్నాడు, దుప్పి తీసుకున్నాడు, ఇప్పుడు తుపాకీ కూడా కావాలి. మార్పిడికిస్తే ఇక్కడినుంచి వాడింటికి పోతుంది, పైగా మెర్ల్ నూనె పెట్టి మెరుగుపెట్టి మరీ ఇస్తాడు. అమ్మకుండా దాచుకుంటే గోడ మీద తోక గోడ మీదే ఉంటుంది. తీసుకెళ్లి ఏట్లో పారేద్దామా అని కూడా అనిపించింది. పారేస్తే క్లైడ్‌కి పోయేదేముంది?

"మెర్ల్, విడిగా కొన్నవాడు ముందు చేసే పనేంటి?"

"బుద్ధున్నవాడైతే దిబ్బ దగ్గరికి తీసుకెళ్లి నాలుగు తూటాలు పేల్చి గురి చూసుకుంటాడు. ఎవరి తుపాకీ అయినా సరే, నా తండ్రిదైనా సరే."

"ఆదివారం కొంటే?"

"ఆదివారం ఎవడు పేలుస్తాడు? వేటకి ముందురోజు కొండ మీద చప్పుడు చేస్తే దుప్పులు పక్క కౌంటీకి పోతాయి. అది క్యాంపు కట్టు..." మెర్ల్ సగంలో ఆగిపోయి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తుపాకీని మళ్లీ దుప్పట్లో చుట్టి, రెండు చేతులతో ఆమెకిచ్చాడు. "అయితే మార్పిడి వద్దంటావు."

"వద్దు. విడిగానే అమ్ముకుంటాను."

"నేనేం వినలేదు," అన్నాడు మెర్ల్.

పండగ అయ్యాక శుక్రవారం క్లైడ్ ఫోన్ చేశాడు, శనివారం ఇంటి ముందు ట్రక్కు ఆపి హారన్ కొట్టాడు. లవీనా రెండుసార్లూ ఒకటే చెప్పింది. "ఆదివారం చర్చి అయ్యాక రా. అంతకుముందు నా మనసొప్పదు." మనసు సంగతి విని క్లైడ్ టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు కూడా, దొంగవెధవ.

అతను వెళ్లిపోయాక లవీనా తుపాకీని వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి పడుకోబెట్టింది. ఏటా ఆకులు రాలే కాలంలో ఎల్వుడ్ ఇదే బల్ల మీద, ఇదే తువ్వాలు మీద పెట్టి పని చేసేవాడు. ఆమె ఎదురుగా కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ చూసేది. ఎన్నేళ్లు చూసింది! దుర్బిణీ పక్కన చిన్న మూత ఉంటుంది, దాని కింద గాడి ఉన్న మర. నాణెంతో అటు తిప్పితే గురి కుడికి, ఇటు తిప్పితే ఎడమకి. ఎల్వుడ్ ఒక్కో చిటుకు లెక్కపెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పేవాడు.

నాణెం చేతిలోకి తీసుకుంది గానీ వెంటనే తిప్పలేకపోయింది. అది అతని చేత్తో పెట్టిన గురి. అతని చెయ్యి ఈ లోకంలో చేసి వదిలిన పనుల్లో చెక్కుచెదరకుండా మిగిలింది అదొక్కటే. "నన్ను క్షమించు," అంది పైకే, ఖాళీ కుర్చీకేసి చూసి. మళ్లీ కోపమొచ్చి, "నువ్వు ఆ రోజే వాడి పళ్లు రాలగొట్టి ఉంటే నాకీ తిప్పలు ఉండేవా?" అని కూడా అంది.

కొంచెం తిప్పితే దుప్పికి కడుపులోనో కాల్లోనో తగిలి, అది రోజుల తరబడి ఈడ్చుకుంటూ చస్తుంది. అలాంటి పాపం ఎల్వుడ్ ఒప్పుకోడు. తిప్పితే దుప్పి మీద వెంట్రుక కూడా కదలనంత తిప్పాలి. ఆ రాతికి ఎడమపక్క నిటారుగా మట్టి గట్టు తప్ప మనిషి నిలబడే చోటు లేదు, దుప్పుల్ని తోలుకొచ్చేవాళ్లు వచ్చేది కుడివైపు నుంచి. అది కూడా ఆలోచించింది. అన్నీ ఆలోచించి, ఎడమకి తిప్పింది, తిప్పుతూనే ఉంది, పదిహేడేళ్ల కడుపుమంట తీరేదాకా తిప్పింది. మూత బిగించి తువ్వాలుతో తుడిచింది. ఆ పూట ఆమెకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఆదివారం క్లైడ్ చర్చి బట్టలతోనే వచ్చాడు. తుపాకీ చేతికి రాగానే కిటికీలోంచి గురి పెట్టి, "ఢాం!" అని నోటితో పేల్చాడు. బేరం దగ్గర మాత్రం నసిగాడు.

"మెర్ల్ దగ్గరైతే ఇంకా తక్కువకొస్తుంది కదా లవీనా."

"మెర్ల్ దగ్గర కొంటే వచ్చే వారమే చేతికొచ్చేది. రేపటికి కావాలంటే నా ధరే."

"అబ్బో! ఎల్వుడ్ నోరు కూడా నీకే ఇచ్చి పోయినట్టున్నాడు," అని నవ్వి, మారు మాట్లాడకుండా డబ్బు బల్ల మీద పెట్టాడు.

"ఇంకో మాట," అంది లవీనా. "రేపు ఎల్వుడ్ రాతి మీదే కూర్చో. తుపాకీకి అలవాటైన చోటు."

"నా మనసులో మాట చెప్పావు! నా మీద కోపం పెట్టుకున్నావేమో అనుకున్నాను ఇన్నాళ్లూ." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "గురి సరిగ్గానే ఉంది కదా?"

ఆదివారం నాడు అబద్ధం ఆడకూడదు. లవీనా ఒక్క క్షణం ఆలోచించి, "ఎల్వుడ్ పోయాక దాంతో ఒక్క తూటా కూడా పేల్చలేదు క్లైడ్. అనుమానముంటే ఇప్పుడే వదిలెయ్యి, నీ డబ్బు నువ్వు పట్టుకెళ్లు," అంది.

"ఎల్వుడ్ పెట్టిన గురిని అనుమానించడానికి నాకేం పిచ్చా!" అన్నాడు క్లైడ్.

సోమవారం పొద్దున్నే లవీనా కోడిని ఉడకబెట్టి, పిండి పలకలు కోసి, పెద్ద గిన్నె నిండా పాట్‌పై చేసింది. వేట మొదటి రోజు రాత్రి భోజనం పంపించేది ఇళ్లలో ఆడవాళ్లే. పాట్‌పై ఎప్పుడూ లవీనాదే. పిండి ఒత్తుతుంటే కొండ మీదనుంచి తుపాకుల చప్పుళ్లు వినబడుతూనే ఉన్నాయి. ఒకచోటనుంచి వరసగా మూడు పేలాయి. కాపు కాసిన దుప్పికి మూడు తూటాలు పేల్చేవాడు ఆ క్యాంపులో లేడు. ఆమె అప్పడాల కర్ర పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కొక్కానికున్న ఎర్రగళ్ల చొక్కా తీసి మడతపెట్టింది. గిన్నె వేడి చల్లారకుండా దాని చుట్టూ ఆ చొక్కానే చుట్టింది. సంచిలో కుట్టుపెట్టె వేసుకుంది.

దీపాలు పెట్టే వేళకి ఆమె క్యాంపులో అడుగుపెట్టేసరికి లోపల ఒకటే నవ్వులు. పొయ్యి ముందు బూట్లు ఆరుతున్నాయి. కెప్టెన్ ఎమోస్ బల్ల తల దగ్గర కూర్చుని కళ్లనీళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వీ నవ్వీ. క్లైడ్ ఒక మూల మొహం మాడ్చుకుని నిలబడి ఉన్నాడు.

"రా లవీనా, రా! నువ్వు వినాలిది," అన్నాడు కెప్టెన్. "మేం దుప్పుల్ని తోలుకొచ్చామా, ఒక పెద్ద పోతు సరిగ్గా మీవాడి రాతి ముందుకొచ్చి నిలబడింది. ఎలాగనుకున్నావు? గాదె తలుపంత అడ్డంగా! మేమందరం మిట్ట మీదనుంచి చూస్తున్నాం. క్లైడ్ పేల్చాడు. దుప్పి కదల్లేదు. మళ్లీ పేల్చాడు. ఎడమపక్క గట్టు మీద మట్టి లేచింది. దుప్పి ఆ మట్టికేసి చూసింది, 'అక్కడేముందిరా నాయనా' అన్నట్టు. మూడోది కూడా పేల్చాడు. అప్పుడది తోకెత్తి నడుచుకుంటూ పోయింది. పరిగెత్తలేదు లవీనా! నడుచుకుంటూ పోయింది!"

క్యాంపు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

"తుపాకీలో ఏదో ఉంది!" అని అరిచాడు క్లైడ్. "దుర్బిణీ కదిలింది. చెప్తుంటే వినరేం?"

అందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు. "ఆడలేక మద్దెల ఓడు!"

"నీ చట్టమే క్లైడ్," అన్నాడు కెప్టెన్. "తుపాకీ మీద నెపం పెడితే రెండుసార్లు. ఏదీ, కత్తెరెక్కడ?"

"నాది పదునుగా ఉంటుంది," అంది లవీనా, కుట్టుపెట్టె తెరిచి.

క్లైడ్ ఆమెకేసి చూశాడు. అప్పటికి గాని అతనికి ఎక్కడో ఏదో తట్టలేదు. మొహం ఎర్రబడింది. "మెర్ల్! ఇలా రా. నువ్వు చూసి చెప్పు వీళ్లకి!" అన్నాడు.

మెర్ల్ లేచాడు. తుపాకీ అందుకుని దీపం దగ్గరికి తీసుకెళ్లాడు. మూత విప్పి, మర మీద నాణెం చేసిన కొత్త గీత చూశాడు. ఒకసారి లవీనాకేసి చూశాడు. మూత మళ్లీ బిగించాడు.

"తుపాకీకేం, భేషుగ్గా ఉంది," అన్నాడు. "కొన్నాక గురి చూసుకున్నావా?"

"నిన్న ఆదివారం! ఎలా చూసుకుంటాను?"

"అయితే ఇంక నన్నేం చెప్పమంటావు?"

నవ్వు మళ్లీ లేచింది. ఇద్దరు క్లైడ్ భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పారు. లవీనా చొక్కా అంచు పట్టుకుని కరకరా కోసింది. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని మనసులో అనుకుని, రెండో ముక్కకి కత్తెర మళ్లీ ఆనించింది. అప్పుడు నశించింది క్లైడ్ ఓపిక. భుజాలు విదిలించుకుని, బల్ల మీద గుద్ది, ఇంటికప్పు అదిరేలా అరిచాడు.

"దీన్నెవరో పాడుచేశారు! ఈ తుపాకీ గురి తప్పే తుపాకీ కాదు! పుట్టి బుద్ధెరిగి ఎల్వుడ్ చేతిలో ఇది ఒక్కసారి, ఒక్కసారి కూడా తప్పలేదు!"

ఎవరూ నవ్వలేదు. కెప్టెన్ మెల్లగా తలెత్తాడు.

"ఒక్కసారి కూడా తప్పలేదా క్లైడ్?"

"తప్పలేదు! నా కళ్లతో చూశాను కదా నేను!"

అనేశాక చూశాడు, అందరి కళ్లూ ఎటు తిరిగాయో. గోడ మీద, సరిగ్గా పొయ్యికి ఎదురుగా, ఎరుపూ నలుపూ గళ్ల గుడ్డముక్క, దాని మీద కెస్లర్ అని సిరా అక్షరాలు. అన్నిటిలోకీ ఎక్కువ పొగచూరిపోయింది అదే. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఇక్కడ అబద్ధం ఆడిన నోరే నిజం కక్కింది. అది లవీనా కూడా అనుకోలేదు. తోక కోసి నవ్వులపాలు చేద్దామనే వచ్చిందామె, అంతవరకే. ఇప్పుడు కత్తెరని రెండు చేతులతో పట్టుకుంది.

"మరి అదెవరిది?" అన్నాడు కెప్టెన్.

క్లైడ్ దుప్పి తలకేసి చూశాడు, గుమ్మంకేసి చూశాడు. "నేను పేల్చింది గాల్లోకే, ఎలాగూ చచ్చేదే అది," అని గొణిగాడు చివరికి. "నా దగ్గరికొచ్చేసరికే కూలబడిపోయింది. చీటీ ముందు ఎవరు కడితే..."

"చాలు," అన్నాడు కెప్టెన్. అంత చిన్నగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. లేచి, పట్టకారు తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు. పదిహేడేళ్లు ఆ తోకని చూసి నవ్వినవాళ్లలో తనూ ఉన్నాడు, పెద్దాయనకది గుర్తొచ్చినట్టుంది, మేకు పీకడానికి చాలాసేపు పట్టింది. మెర్ల్ కుర్చీ ఎక్కి దుప్పి తల కింద ఇత్తడి పలక ఊడదీశాడు. కెప్టెన్ ఆ గుడ్డముక్క దులిపి, రెండు చేతులతో తెచ్చి లవీనా చేతిలో పెట్టాడు.

"నన్ను ఏమన్నా అను లవీనా."

"మిమ్మల్ని కాదు కెప్టెన్," అంది.

గిన్నె చుట్టూ కట్టిన చొక్కా విప్పి బల్ల మీద పరిచింది. తోక లేని చొక్కా. గుడ్డముక్క దాని అంచుకి చేర్చి పెడితే గళ్లకి గళ్లు కలిశాయి, రంగు మాత్రం కలవలేదు. కొక్కానికున్నది కొత్తదిలాగే ఉంది, గోడ మీదున్నది పొగకి నల్లబడిపోయింది.

క్లైడ్ కోటు తొడుక్కుంటున్నాడు. వెనక చొక్కా చిరుగులు వేలాడుతున్నాయి. "నీ తుపాకీ నువ్వే ఉంచుకో. నా డబ్బు నాకిచ్చెయ్యి," అన్నాడు ఆమెకేసి చూడకుండా.

"విడి అమ్మకం క్లైడ్. నీ మాట, నా మాట. వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. మార్పిడి కావాలంటే మెర్ల్ కొట్టుకి పట్టుకెళ్లు."

"తీసుకుంటాను," అన్నాడు మెర్ల్. "ధర మాత్రం తక్కువే, ముందే చెప్తున్నా."

క్లైడ్ తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు.

"ఆగు," అంది లవీనా. పెట్టెలోంచి సూదీ, ఎర్రదారం తీసింది. "నా కళ్లు సరిగ్గా ఆనట్లేదు. వెళ్లేముందు ఈ సూదిలోకి దారం ఎక్కించిపో."

క్లైడ్ కెప్టెన్‌కేసి చూశాడు. కెప్టెన్ కుర్చీ ఒకటి కాలితో ముందుకి తోశాడు. దీపం వెలుగులో, అందరూ చూస్తుండగా, క్లైడ్ రూప్ ఆ కుర్చీలో కూర్చుని సూది అందుకున్నాడు. దారం కొస నాలికతో తడిపి కన్నంలోకి పెట్టబోయాడు. గురి తప్పి పక్కకి పోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పోయింది.

"మెల్లగా చూసుకో క్లైడ్," అంది లవీనా, చొక్కా మడతలు సరిచేస్తూ. "నాకేం తొందర లేదు."